గబ్బిలకావ్యము - కవి స్వస్థానము

గుఱ్ఱము జాషువ 1941లో ప్రకటించిన గబ్బిలము మేఘసందేశమునకు అనుసరణమని చెప్పుట పరిపాటి. ఆ మాట సత్యమే. కాని విమర్శ అచ్చటనే నిలిచినచో కావ్యమర్మము మనకు చిక్కదు. కవి పూర్వుల నుండి దేనిని గైకొనెనో తెలిసికొన్న చాలదు. దేనిని మార్చెనో, ఏల మార్చెనో పరిశీలింపవలెను.

కాళిదాసుని యక్షుడు ఇల్లు గలవాడు. కుబేరుని శాపముచే ఒక్క యేడు అలకాపురికి దూరమై రామగిరిపై వసించినవాడు. గడువు తీరగనే తన వాకిటికి మరలగలడు. అచ్చట ప్రియురాలు ఎదురుచూచుచున్నది. కావున ఆతనిది విరహదుఃఖము. జాషువ నాయకుడు అస్పృశ్యుడని దూరముంచబడిన నిరుపేద. ఆతడు స్వదేశముననే ఉన్నాడు. ఐనను అందాతనికి చోటు లేదు. ఈ శాపమునకు అపరాధమును లేదు, అవధియును లేదు. అందుచేతనే సందేశము ప్రేయసికి గాక శివునకు పోవుచున్నది. విరహమునకు ఏర్పడిన కావ్యరూపము న్యాయాభ్యర్థనమునకు పాత్రమైనది.

దూత విషయమునను ఇట్టి మార్పే కలదు. మేఘము లోకప్రియము, గబ్బిలము ఇంట దూరిన అశుభమని జనుల నమ్మకము. ఐనను గుడిలో దానికి అడ్డు లేదు. ఆలయమున వ్రేలాడునప్పుడు శివుని చెవికి చేరువగా నుందువు గనుక, పూజారి లేని వేళ నా కథ విన్నవింపుమని నాయకుడు వేడును. దేవునకును ఆతనికిని నడుమ నిలిచినది రాతిగోడ గాదు, సాటి మనుష్యుడని ఈ కల్పన తెలుపుచున్నది.

తన్ను వెలుపల నిలిపిన సంప్రదాయముయొక్క ఛందస్సునే కవి ఆశ్రయించుట లొంగుబాటు గాదా యని శంకింపవచ్చును. ఈ శంక త్రోసిపుచ్చదగినది గాదు. 1995లో వెలువడిన చిక్కనవుతున్న పాట సంకలనమందలి దళితకవులు ప్రధానముగా వచనకవితనే వరించిరి. కాని జాషువ మార్గమునకు వేఱొక హేతువు కలదు. తన కవితను వధువుగా భావించిన యొక పద్యమున, ఆమె సొగసును మెచ్చిన రసికుడు కవి కులమడిగి, చివాలున లేచిపోయిన యుదంతమును ఆతడు వర్ణించెను. మెప్పు ముందు, ప్రశ్న పిదప. ఈ క్రమమే ముఖ్యము. పద్యము చక్కగా నున్నదని ఒప్పుకొన్నవాడు పిదప ఆ మాటను వెనుకకు దీసికొనలేడు. పద్యశిల్పము ఇచ్చట అలంకారము గాదు, సాక్ష్యము. కవి అనుమతి వేడుటలేదు; తాను ఈ భాషకు వారసుడనని ఋజువు చేయుచున్నాడు.

ఐనను ఋజువు వేఱు, ఆదరము వేఱు. గబ్బిలము రెండవ భాగము వెలువడిన మరుసటి యేడు, 1947లో, మదరాసు రాష్ట్రమున ఆలయప్రవేశశాసనము వచ్చెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించెను. క్రీస్తుచరిత్రమునకు 1964లో సాహిత్య అకాడమి బహుమానము లభించెను. గుడి తలుపును శాసనము తెఱవగలదు. కవిని సభ సన్మానింపగలదు. మెచ్చి లేచిపోయిన రసికుని మరల కూర్చుండజేయు శక్తి శాసనమునకు లేదు. ఆ పని పాఠకునిది. గబ్బిలమును తరగతిలో బోధించు మన యందఱిది.