సన్నిధియు నాకాంక్షయు: నూతనకళాకారుల యంతర్జాలసమాజములు

పదములు కొన్ని యొకచోటఁ జేరినంతమాత్రమున వాక్యము కానేరదు. ఆవు, గుఱ్ఱము, మనుష్యుఁడు, ఏనుఁగు అని నాలుగుపదముల నొకదానివెంట నొకటిగా నుచ్చరించినచోఁ బ్రతిపదమునకు నర్థమున్నను వినువానికి బోధ కలుగదు. ఒకపదము మఱియొకపదమును గోరుట యాకాంక్ష. ఆ రెంటి యర్థములును దమలోఁ బొసఁగుట యోగ్యత. ఎడము లేక యొకదానిదరి నొకటి యుండుట సన్నిధి. ఈ మూఁడును గలిగినప్పుడే శాబ్దబోధ యని శాస్త్రజ్ఞుల నిర్ణయము. ఇది పదములనుగూర్చి చెప్పఁబడినదే యైనను, మనుష్యులతో సమాజములఁ గట్టఁదలఁచువారికిని నుపయోగింపకపోదు. నూతనకవులను, గాయకులను, శిల్పులను, నటులను అంతర్జాలమున నొక్కచోటఁ జేర్పవలెనను నుద్యమములు నేఁడు సాగుచున్నవి. కర్నూలు, కడప ప్రాంతముల యువజనులును వానిలోఁ జేరుచున్నారు. అక్కడఁ గట్టఁబడుచున్నది వాక్యమా, పదరాశియా యనునది విచారింపఁదగియున్నది.

పూర్వపక్షమును ముందుగా న్యాయముగాఁ జెప్పవలెను. రాయలసీమలోఁ గళ నభ్యసించువానికి మొదటి విఘ్నము దూరము. కర్నూలునుండి కడపకు సుమారు 200 కిలోమీటర్లు. నడుమ నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు. వాన నమ్మరాని నేల. కఱవు వచ్చిన యేఁడు హరికథ చెప్పించువాఁడును లేఁడు, నాటకమాడించువాఁడును లేఁడు. ఆదోనివైపు పల్లెలో బుఱ్ఱకథ నేర్చిన బాలికకు, బద్వేలువైపు తనవంటిది మఱియొకతె కలదని తెలియుటకే మార్గము లేకుండెను. అంతియ కాదు, పూర్వపు సభల తలుపు మిక్కిలి సన్ననిది. పద్యవిద్య నెఱుఁగని గాయకుఁడును, పెక్కుకులములవారును, స్త్రీలలో నించుమించుగా నందఱును, పండితసభకు వెలుపలనే నిలిచిరి. పండితులు దీనిని మఱచుట సులభము, మఱవఁగూడదు. చేతిలోని ఫోను ఆ తలుపును దెఱచినది. యూట్యూబునఁ దన పాటను నిలుపుటకు నెవరి యనుమతిపత్రమును నక్కఱలేదు. ఇది సామాన్యమైన మేలు కాదు. దీనిని జులకనఁ జేసి, పూర్వకాలమే బంగారమని పలుకువారి మాట విమర్శ యనిపించుకొనదు.

అట్లయ్యును, ఈ సన్నిధి యెంతవఱకు సన్నిధి? సన్నిధి యనఁగాఁ జోటు మాత్రమే కాదు, కాలము కూడను. “ఆవును” అని యిప్పుడు పలికి, జామునకుఁ దరువాత “తెమ్ము” అన్నచో నది వాక్యము కాదు. 2010లోఁ బుట్టిన ఇన్‌స్టాగ్రాము, 2016లోఁ గాలక్రమమును విడిచి, చూచువాని యభిరుచి నూహించి తాను గట్టిన వరుసలోఁ జిత్రములను జూపఁబూనెను. అది మొదలు ఎవని పలుకు ప్రక్క నెవని పలుకు నిలుచునో నిర్ణయించునది పలికినవాఁడు కాఁడు, వినువాఁడును గాఁడు; తెరవెనుకనున్న గణితము. ఒకని రచన యిరుగుపొరుగునకుఁ జేరకుండఁగనే దూరదేశమునకుఁ బోవచ్చును, ఎక్కడికిని బోకయు నుండవచ్చును.

నిలుకడ మాట యింతకంటెను గష్టము. 2020 జూన్ 29వ తేదిని భారతప్రభుత్వము టిక్‌టాక్ మొదలుగాఁగల 59 యాప్‌లను నిషేధించెను. నిషేధమునకుఁ గారణములు వేఱు. వాని విచారణ మిక్కడఁ బ్రకృతము గాదు. పల్లెల యాటపాటలను లక్షలమంది చూచుచుండిన యొక రంగస్థలము ఒక్కరాత్రిలో మూఁతపడెననుట మాత్రము ప్రకృతము. ఆ యేఁటి డిసెంబరులోనే యాహూ గ్రూపులును ముగిసినవి. తెలుగు సాహిత్యచర్చలు చాలకాలము వానిలో నడచియుండెను. 2003లో వెలసి, క్రొత్తగాయకులకుఁ బుట్టినిల్లుగాఁ బేరొందిన మైస్పేసు, 2015వఱకుఁ దనలోఁ జేరిన పాటలు సర్వరు మార్పునందు నశించెనని 2019లో నొప్పుకొనెను. పోయినవి యైదుకోట్లకుఁ బైమాట యని పత్రికలు వ్రాసినవి. చెదలు దిన్న తాటాకుపుస్తకమునకుఁ బ్రత్యంతర మేపల్లెలోనైన దొరకునను నాశ యుండును. ఇచ్చట నా యాశయు లేదు. ప్రత్యంతరమును దనయొద్ద నుంచుకొనని గాయకుఁడు తన తొలిపాటను దానే మరల వినఁజాలఁడు.

యోగ్యతనుగూర్చి విస్తరింపఁ బనిలేదు. నిప్పుతోఁ దడుపుమన్నట్లు, పొసఁగనివానిని బొసఁగించుట వ్యర్థము. చిత్రకారుని, మార్దంగికుని, కథకుని ఒకే పట్టికలో వ్రాసి “సృజనకారులు” అని సామాన్యనామము పెట్టినంతన వారిలో వారికిఁ బని పుట్టదు. నాటకము వంటి యుమ్మడిపని గలిగినప్పుడే యా మువ్వురును గలియుదురు. అట్టి పని నెవరు పుట్టింతురనునది తరువాతి విషయమగు నాకాంక్షలోనే యిమిడియున్నది.

ఆకాంక్షయే యసలైన ప్రశ్న. “తెమ్ము” అన్న వెంటనే “దేనిని?” అని పుట్టునది యాకాంక్ష. నేఁటి సమాజములలో మిక్కిలిగాఁ బెరుగునది మెప్పు. మెప్పు ఆకాంక్ష గాదు; అది వాక్యము ముగిసినపిమ్మటఁ బెట్టెడి చుక్క వంటిది, దానికిఁ దరువాతిపదముతో సంబంధము లేదు. ఒక యువకవి ప్రాస తప్పిన పద్యమును నిలుపఁగా నూఱుమంది చేతులు జోడించిన బొమ్మల నుంచి పోవుదురు. మఱునాఁ డాతఁడు మఱల నాప్రాసమునే తప్పును. వారిలో నొక్కఁడైన “రెండవపాదమున రెండవయక్షర మేది?” అని యడిగియున్నచో నాతఁడు కవి యగుటకు దారి దొరకెడిది.

ఈ యడుగువాఁడు తెలుగుదేశమునకుఁ గ్రొత్తవాఁడు గాఁడు. అవధానమున వానికిఁ బృచ్ఛకుఁడని పేరు. ప్రొద్దుటూరు దీనికిఁ బ్రసిద్ధమైన చోటు. దుర్భాక రాజశేఖర శతావధానియు, గడియారము వేంకటశేషశాస్త్రియు రాజశేఖర వేంకటశేషకవులను జంటపేర నవధానములు చేసిరి; తరువాత నొకరు రాణాప్రతాపసింహచరిత్రమును, నొకరు శ్రీశివభారతమును రచించి పేరుగాంచిరి. సామాన్యముగా నవధానమును జూచువారు అవధానినే చూతురు. సభ నడపువాఁడు పృచ్ఛకుఁడని గమనింపరు. నిషిద్ధాక్షరిలోఁ గవి యొక యక్షరము పలుకఁగనే, దానితరువాత సహజముగా రాఁదగిన యక్షరమును బృచ్ఛకుఁడు ముందుగా నూహించి కూడదనును. అట్లూహించుటకుఁ గవికున్నంత భాషాజ్ఞానమైన వానికి నుండవలెను. అందుచేత నక్కడ నడ్డుకొనుట యొక గౌరవము. సమస్య నిచ్చువాఁ డసంగతార్థమును బెట్టును. దానిని సంగతము చేయుట కవిపని. దత్తపది నిచ్చువాఁడు పొసఁగని పదములను నాలిగింటి నిచ్చును. అప్రస్తుతప్రసంగి నడుమ దూఱి యేకాగ్రతను జెఱుపఁజూచును. తుదకు ధారణ: ముక్కలుముక్కలుగాఁ జెప్పిన పద్యముల నన్నింటిని గవి మరల నేకముగాఁ జదువవలెను. పైని నిలుకడనుగూర్చి చెప్పిన కొఱఁత కిది పూర్వుల సమాధానము. అవధానమును గారడి యని యీసడించువారి మాటలో నిజము లేకపోలేదు. ఆశువుగాఁ బుట్టిన పద్యములలో నిలిచినవి కొలఁది. కాని యువకవి యొకఁడు సభామధ్యమున, ఎదుటివాని యవసరమునుబట్టి, అందఱియెదుటఁ దప్పుటకును దిద్దుకొనుటకును నవకాశమిచ్చిన యేర్పాటు దానికంటె మేలైనది చూపుట కష్టము.

పద్యమునకు వెలుపలఁ జూడఁదలఁచినవారికిఁ గడప జిల్లాలోనే సురభి కలదు. 1885లో వనారస గోవిందరావు అచ్చటఁ గీచకవధము నాడించెను. ఊరి పేరే సమాజమునకుఁ బేరైనది. తోలుబొమ్మలాట యాడుకొను కుటుంబములు రంగస్థల మెక్కినవి. పిదపఁ బదులకొలఁది సమాజములుగా శాఖలు సాఁగినవి. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుట వారి ప్రసిద్ధి. ఆ కుటుంబములలోని బిడ్డను గళాకారిణిగాఁ జేసినది ప్రశంస కాదు, ఖాళీ. నాటకమునకు బాలకృష్ణుఁడు కావలెను, నడక వచ్చిన బిడ్డ కలదు, వేషము కట్టిరి. పెరిగినకొలఁదిఁ బాత్రలు మాఱును. ఒకరు జబ్బుపడిన రాత్రి మఱియొకరు నిలువవలెను. పాట రానివారు తెరలను, తీఁగెలను, దీపములను జూచుకొనవలెను. ప్రతిమనుష్యునికిని వానిని గోరెడి స్థానమొకటి సిద్ధముగా నుండును. వ్యాకరణమునఁ గ్రియ కారకములను గోరినట్లే యిదియును.

కడపలోనే మఱియొక కూటమి యుండెను. 1820లో నుద్యోగియై యచ్చటికి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, బంగళాకొని, తన జీతముతోఁ బండితులను లేఖకులను బెట్టుకొని, తాళపత్రముల ప్రతులను సరిపోల్పించెను. వేమన పద్యముల యాతని ముద్రణము 1829 నాఁటిది. ఆ బంగళా యుండిన చోటనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషివలన నేర్పడిన సి. పి. బ్రౌన్ భాషాపరిశోధనకేంద్రము యోగి వేమన విశ్వవిద్యాలయమున కంగమై నేఁడు నిలిచియున్నది. బ్రౌను కొలువునందలి జూలూరి అప్పయ్య మనుచరిత్రమునకు వ్యాఖ్య వ్రాసెను. వ్రాయుమని యడిగినవాఁ డుండుటచేత నా వ్యాఖ్య పుట్టినది. అయినను నా కూటమిలో నొక దోషము గలదు: అడుగువాఁ డొక్కఁడే, జీతమిచ్చువాఁడును వాఁడే. పండితుఁడు బ్రౌనును దిరిగి యడుగుటకు వీలెంత? అవధానమునఁ బృచ్ఛకు లెనమండ్రు. వారిలో నెవ్వరును గవికి యజమానులు గారు. ఈ భేదము చిన్నది గాదు.

ఇంతమాత్రమున నంతర్జాలమునఁ బృచ్ఛకునికిఁ జోటు లేదనుట పొరపాటు. “శంకరాభరణము” అను పద్యవేదికలోఁ బ్రతిదినమును సమస్య యియ్యఁబడును. పూరణము లంపినవారి దోషములు వారి పద్యముల క్రిందనే చూపఁబడును. అచ్చట నేర్చి పద్యమున స్థిరపడినవారు కలరు. 1998లో నమెరికాలోని తెలుగువారు మొదలిడిన “ఈమాట” పత్రిక, రచనను బ్రకటనకు ముందు పరిశీలకులకుఁ జూపి, వారి ప్రశ్నలను రచయితకుఁ దెలుపుచున్నది. 2003 డిసెంబరులోఁ బుట్టిన తెలుగు వికీపీడియాలో వ్యాసము లేని పేరు ఎఱ్ఱనిలంకెగాఁ గనఁబడును. ఆ యెఱుపు వ్యాకరణదృష్టిచే నాకాంక్షయే: ఇచ్చట నొకటి కావలెనని చూపును, వచ్చినవెంటనే రంగు మాఱును. ఈ మూఁటిలో నేదియుఁ బెద్ద ధనముతోఁ గట్టఁబడినది గాదు. వీనినిఁ గట్టినవారు మొదట ననుచరుల సంఖ్యను లెక్కింపక, కొఱఁత యేదో నిర్ణయించిరి.

కావునఁ గర్నూలు కడప యువజనులకై సమాజము గట్టఁదలఁచువారు ఆళ్లగడ్డకుఁ బోయి చూచుట మంచిది. 2022లో నంద్యాల జిల్లాలోఁ జేరిన యా యూరిలోఁ బ్రసిద్ధమైన శిల్పవృత్తి గలదు. ఆలయమువారు వచ్చి, దేవతను, గొలతను, నిలుపఁదలఁచిన గర్భగృహమును జెప్పి విగ్రహమును గోరుదురు. ముఖము తాళమానమునకుఁ దప్పినచోఁ దీసికొనరు. అట్టి చోటఁ బనిచేయు బాలశిల్పి తాను జెక్కిన గరుడుని ఛాయాచిత్రమును ఫోనులో నిలుపఁగా వచ్చిన మూఁడువందల మెప్పులలో, ముక్కునకును గనుబొమకును నడిమి కొలత నడిగినవాఁ డుండఁడు. ఎడమప్రక్కనున్న పెద్దశిల్పి మాత్రమే యడుగును, అదియుఁ గసరి. సమాజము గట్టువారు చేయవలసినది, ఆ పెద్దశిల్పి ప్రశ్నను గసరు లేకుండ దూరపుబాలునికిఁ గూడఁ జేర్చుట. కొలత చెప్పి కోరెడి యాలయమువానికిని, గోరఁబడుటకుఁ గాచుకొన్న శిల్పికిని ముఖాముఖి గలిగించుట. పూర్తియైన పని ప్రతిని శిల్పియొద్దను మఱియొకచోటను దాఁచుట.

ఇచ్చట నొక చిక్కు తీరకున్నది. ప్రొద్దుటూరి సభలోఁ బృచ్ఛకుఁడు గౌరవమునకే వచ్చును, ఒక సాయంకాలము కూర్చుండును. బ్రౌను తన పండితులకు జీతమిచ్చి, యప్పులపాలయ్యెను. సురభిలో నడిగెడివారు తల్లిదండ్రులే. నేఁటి పెద్దసమాజములు చూపుల లెక్కనుబట్టి, ప్రకటనలవలన వచ్చిన ధనములోఁ గొంత పాడినవానికిఁ బంచుచున్నవి. అడిగినవానికిఁ బంచుట లేదు. ప్రతిదినమును నలువది పద్యములను జదివి, దోషములను జూపుచు రాత్రి ప్రొద్దుపోవువఱకుఁ గూర్చుండువాఁడు ఎన్నియేండ్లు కూర్చుండును? వాఁడు లేచిపోయిననాఁడు వాని యాసనమున నెవరు కూర్చుందురు? సమాజమునకుఁ బ్రణాళిక వ్రాయువారు సభ్యులసంఖ్యను, యాప్‌నకగు వ్యయమును లెక్కించిన కాగితముమీఁదనే పృచ్ఛకునికిఁ గూడ నొక పంక్తి విడువవలసియున్నది.