సంతలో అప్పగింతలు

ఓపెన్ సోర్స్‌లోకి ఎలా దిగాలని ఏ జూనియర్ అడిగినా, ఎవరో ఒకరు చెప్పే పేరు ఎరిక్ రేమండ్ ‘ది కెథీడ్రల్ అండ్ ది బజార్’. 1997లో జర్మనీలో ఒక లినక్స్ సభలో చదివిన వ్యాసం, 1999లో పుస్తకమైంది. నెట్‌స్కేప్ 1998లో తన బ్రౌజర్ సోర్స్ కోడ్‌ని బయటపెట్టడానికి ఇదీ ఓ ప్రేరణే. కోడ్ గురించి బోలెడు పుస్తకాలున్నాయిగానీ, కోడ్ రాసే మనుషుల గురించి ఇంత హాయిగా చదివించేది నాకు ఇంకోటి దొరకలేదు. అందుకే దాంతో కాస్త గట్టిగానే పోట్లాడాలనిపిస్తోంది.

ముందు దాని బలం. రేమండ్ సిద్ధాంతం చెప్పడు, కథ చెప్తాడు. మెయిల్ తెచ్చిపెట్టే ప్రోగ్రామ్ ఒకటి తనకి కావాలి. ఉన్నవాటిలో ఒకదాన్ని పట్టుకుని తనకి కావాల్సినట్టు మార్చుకుంటూ పోతే అది ‘ఫెచ్‌మెయిల్’ అయింది. ఆ కథ మధ్యలో నంబర్లు వేసిన 19 పాఠాలు. శతక పద్యాల్లాగా విడివిడిగా నోటికొచ్చేస్తాయి. చిక్కూ అక్కడే. పద్యం గుర్తుంటుంది, సందర్భం జారిపోతుంది. కెథీడ్రల్ అంటే మైక్రోసాఫ్ట్, బజార్ అంటే ఓపెన్ సోర్స్ అనుకునేవాళ్ళు చాలామంది. నిజానికి వ్యాసంలో కెథీడ్రల్‌కి ఉదాహరణగా నిలిచేది గ్నూ ఈమాక్స్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేరే. కోడ్ అందరికీ ఇచ్చినా, కట్టేది మాత్రం గుప్పెడు మంది, తలుపేసుకుని.

చూసే కళ్ళు ఎక్కువైతే బగ్గులు దాగలేవన్న పాఠం అందరికీ తెలుసు. ఐదో పాఠాన్ని ఎవరూ తలుచుకోరు. ఆసక్తి తీరిపోయిన ప్రోగ్రామ్‌ని చేతనైనవాడికి అప్పజెప్పి వెళ్ళాలన్నది దాని సారాంశం. పెళ్ళి అప్పగింతల్లో ఏడుపుంటుంది, ‘మా పిల్ల జాగ్రత్త’ అన్న మాట ఉంటుంది. రేమండ్ కథలో అవేవీ లేవు. ఆయన ‘పాప్‌క్లయింట్’ అనే ప్రోగ్రామ్‌కి ప్యాచ్‌లు పంపాడు, అది రాసినాయనకి అప్పటికే దాని మీద ఆసక్తి పోయింది, ప్రాజెక్ట్ ఈయన చేతికొచ్చింది. అంతే, కొన్ని వాక్యాల్లో అయిపోతుంది. పుచ్చుకున్నవాడు చెప్తున్న కథ కదా, శుభంగానే నడుస్తుంది.

ఇచ్చినవాడి వైపు నుంచి చూడాలంటే ‘ఎక్స్‌జెడ్’ కథ చదవాలి. ఫైళ్ళని కుదించే చిన్న ప్రాజెక్ట్, లినక్స్ ఉన్న చోటల్లా దాదాపు ఉంటుంది. ఏళ్ళ తరబడి దాన్ని మోసింది ప్రధానంగా ఒక్క మనిషి, జీతం లేకుండా. 2021లో ‘జియా టాన్’ అన్న పేరుతో ప్యాచ్‌లు రావడం మొదలైంది. 2022లో ఇంకేవో పేర్లతో మెయిళ్ళు: పని నత్తనడక నడుస్తోంది, ఇంకొకరికి అప్పగించరాదా అని. తన మానసిక ఆరోగ్యం బాగోలేదని, ఇది జీతం లేని పనని ఆ మెయింటైనర్ బహిరంగంగానే చెప్పుకున్నాడు. చివరికి టాన్ చేతికి హక్కులొచ్చాయి. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి దాక్కుని ఉంది. ఆ మెయింటైనర్ చేసిందేమిటి? ఐదో పాఠం చెప్పిందే. వచ్చినవాడు పని చేతకానివాడు కాదు, ఉద్దేశం వేరు. ఆ తేడా ఎలా పట్టుకోవాలో రేమండ్ దగ్గర జవాబు లేదు.

దాన్ని కనిపెట్టింది వేల కళ్ళు కాదు. పోస్ట్‌గ్రెస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ (అన్నట్టు, మైక్రోసాఫ్ట్ ఉద్యోగి) ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అరసెకను ఆలస్యమవుతుంటే ఎందుకా అని తవ్వాడు. తవ్వడానికి కోడ్ తెరిచి ఉంది, రేమండ్‌కి ఆ మార్కు ఇవ్వాల్సిందే. కానీ తెరిచి ఉండటం, ఎవరో ఒకరు చదవడం ఒకటి కాదు. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ బగ్ కూడా అందరికీ కనిపించే కోడ్‌లోనే రెండేళ్ళు కూర్చుంది.

పుస్తకంలో నాకు మింగుడుపడనిది ఇదే: సంతకి ఎంతమంది వస్తే అంత లాభం అన్న ధీమా. 2024 మొదట్లో, మన దేశంలోనే తీసిన ఒక వీడియో పాఠం చూసి, ‘ఎక్స్‌ప్రెస్’ ప్రాజెక్ట్‌కి రీడ్‌మీలో తమ పేరు చేర్చమంటూ కుర్రాళ్ళు కుప్పలుగా పుల్ రిక్వెస్టులు పంపారు. రెజ్యూమేలో ఒక లైను కోసం. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా మూసే పని ఎవరిది? ఆఫీసులో వాడే ఒక చిన్న లైబ్రరీకి నేను 14 లైన్ల ప్యాచ్ పంపితే, మెయింటైనర్ 30 లైన్ల వివరణ రాశాడు, తన ఊళ్ళో రాత్రి ఒంటిగంటకి. నా ప్యాచ్ ఖరీదు అప్పుడు తెలిసింది. రేమండ్ లెక్కల్లో ఆ ఒంటిగంట ఎక్కడా కనపడదు.

అయినా చదవండి. తన అవసరంలోంచే మంచి పని పుడుతుందన్న మొదటి పాఠం ఇప్పటికీ నిలబడుతుంది, ఫ్రాయిండ్ అరసెకనే సాక్ష్యం. ఐదో పాఠం దగ్గర మాత్రం కాసేపు ఆగండి. ఆ తర్వాత మీరు రోజూ వాడే ప్రాజెక్ట్ ఏదైనా తెరిచి, జవాబు లేకుండా పడున్న బగ్ రిపోర్టుల్లో ఒకదాన్ని మీ మెషీన్‌లో మళ్ళీ రప్పించి చూడండి. వచ్చిందో రాలేదో, ఏ వెర్షన్‌లోనో రెండు లైన్లు రాయండి. మీ పేరు రీడ్‌మీలో చేరదు. అవతలివాళ్ళకి ఒక సాయంత్రం మిగులుతుంది.