అందరి కిటికీల్లో దీపం

హనుక్కా అనగానే అమెరికా పిల్లలకి గుర్తొచ్చేది ఎనిమిది రాత్రులూ వచ్చే బహుమతులు. ఈ రంగుకాగితాల పొట్లాలు ఆ పండుగకి మొదటినుంచీ ఉన్నవి కావు. క్రిస్మస్ దగ్గర్లోనే వస్తుంది కాబట్టి, ఇరుగుపొరుగు పిల్లల చేతుల్లో బొమ్మలు చూసి తమ పిల్లలు చిన్నబుచ్చుకోకూడదని యూదు తల్లిదండ్రులు గత శతాబ్దంలో పెంచుకున్న అలవాటది. తప్పుపట్టడానికేం లేదు. పండుగపూట పిల్లల మొహాలు వాడిపోతే ఏ ఇంట్లో మాత్రం చూస్తూ ఊరుకుంటారు? అంతకుముందు పెద్దలు పిల్లల చేతిలో నాలుగు నాణేలు పెట్టేవారు, అంతే. ‘గెల్ట్’ అంటారు. బంగారు రేకు చుట్టిన చాక్లెట్ నాణేలు ఆ తర్వాత వచ్చినవే.

నన్ను కట్టిపడేసిన పంపకం మాత్రం దీపంలో ఉంది.

క్రీస్తుపూర్వం 164లో యూదు తిరుగుబాటుదారులైన మక్కబీలు జెరూసలేం ఆలయాన్ని తిరిగి దక్కించుకుని శుద్ధిచేశారు. ఒక్కరోజుకి సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందని ఐతిహ్యం. దాని గుర్తుగానే ఎనిమిది రాత్రులూ ఇళ్లలో దీపాలు పెడతారు. ఆ దీపాల గురించి పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ తన ధర్మశాస్త్రంలో గట్టిగా చెప్పాడు. దానం మీద బతికేవాడైనా సరే, అప్పుచేసో ఒంటిమీది బట్ట అమ్మో నూనె కొని దీపం పెట్టాల్సిందే. వినడానికి కఠినంగా ఉంటుంది. కానీ ఆ వెంటనే ఆయనే ఇంకో మాట అన్నాడు. శుక్రవారం సాయంత్రం ఇంట్లో వెలిగించే సబ్బాతు దీపానికీ, హనుక్కా దీపానికీ రెంటికీ డబ్బు చాలకపోతే ఇంటి దీపమే ముందు. ఇంట్లో శాంతి అన్నిటికన్నా పెద్దది. పేదవాడికి కూడా మినహాయింపు లేదన్నప్పుడు, నూనె లేని ఇంటి సంగతి చుట్టుపక్కలవాళ్లకి పట్టక తప్పదు. దానాన్ని ఎనిమిది మెట్లుగా చెప్పి, అప్పో పనో భాగస్వామ్యమో ఇచ్చి మనిషిని మళ్లీ చెయ్యి చాచనక్కర్లేకుండా నిలబెట్టడాన్ని పైమెట్టు మీద పెట్టిందీ ఈయనే.

అమెరికాలో మా అమ్మాయి ఉండే ఎడిసన్‌లో పక్కింటి యూదు పెద్దావిడ ఒక సాయంత్రం మమ్మల్ని పిలిచింది. అది అయిదో రాత్రి, రాత్రికొకటి చొప్పున పెరుగుతాయి కాబట్టి అయిదు కొవ్వొత్తులు. మనవరాలు వాటిని మెనోరాలో, అంటే తొమ్మిది కొమ్మల దీపస్తంభంలో, కుడినుంచి ఎడమకి గుచ్చింది. వెలిగించేటప్పుడు మాత్రం ఎడమవైపు కొత్తదాంతో మొదలుపెట్టింది. వెలిగించడానికి వాడేది తొమ్మిదోది, ‘షమాష్’. మిగతావాటికి నిప్పు అందించి, వాటితో కలవకుండా కాస్త ఎత్తుగా నిలబడుతుంది. పండుగ దీపాల వెలుగులో డబ్బు లెక్కపెట్టుకోకూడదు, చదువుకోకూడదు. చూడటానికే. కంటికి వెలుగు కావాలంటే అందుకు షమాష్ ఉంది. ఇచ్చేవాడు ఎక్కడ నిలబడాలో ఇంత తేటగా చూపే పండుగ సామాను నేను ఇంకెక్కడా చూడలేదు.

తెలుగువాళ్లలో యూదులున్నారా అని ఆవిడ అడిగింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉందనీ, వాళ్లకో ప్రార్థనామందిరం కూడా ఉందనీ చెబితే పిల్లల్ని పిలిచి మళ్లీ చెప్పించుకుంది. ఆ రాత్రి పిల్లలకి బహుమతులు లేవు. ఒక రాత్రి బహుమతుల డబ్బు అవసరమున్నవాళ్లకి పంపడం ఆ ఇంటి పద్ధతి. ఎవరికి పంపాలో పిల్లలే తేల్చాలి. పెద్దది ఆకలిగొన్నవాళ్లకంది, చిన్నవాడు కుక్కపిల్లల ఆశ్రయానికన్నాడు. వాదన భోజనాలయ్యేదాకా సాగింది, పెద్దవాళ్లు ఒక్కరూ అడ్డుపడలేదు.

మెనోరాని వీధివైపు కిటికీలో పెడతారు, దారినపోయేవాళ్లకీ కనబడాలని. ఈ ఆచారమే 1993 డిసెంబరులో మోంటానా రాష్ట్రం బిల్లింగ్స్‌లో ఒక పసివాడి గదిమీదికి ఇటుకరాయి తెచ్చింది. మెనోరా పెట్టిన కిటికీని ఎవరో పగలగొట్టారు. అక్కడి యూదులు గుప్పెడుమంది. ఊరి దినపత్రిక బిల్లింగ్స్ గెజెట్ పేజీ నిండా మెనోరా బొమ్మ అచ్చువేస్తే, క్రైస్తవులు వేల ఇళ్లలో దాన్ని కత్తిరించి కిటికీలకి అంటించారు. తర్వాత వాళ్ల కిటికీలు కూడా కొన్ని పగిలాయి. అయినా ఇంకా ఎక్కువ ఇళ్లవాళ్లు అంటించారు.