కళ్లంలో కొలత

మొన్న తిరుపతి నుంచి కొండకు విద్యుత్ బస్సెక్కాను. ఘాట్ మలుపుల్లో ఇంజను రొద లేదు. వెనక సీట్లోని పెద్దావిడ గోవింద నామాలు తేటగా వినిపించాయి. ఆ సంతోషంలో కండక్టరుతో మాట కలిపితే తెలిసింది: ఆయన ఆర్టీసీ మనిషి, డ్రైవరు కంపెనీ మనిషి. బస్సు కూడా ఆర్టీసీది కాదట. నడపడం, బాగుచేయడం తయారీదారు వైపు వాళ్ల పని. తిరిగిన కిలోమీటర్లకు లెక్కగట్టి ఆర్టీసీ చెల్లిస్తుంది.

వాడకానికి లెక్కగట్టి చెల్లించే ఈ పద్ధతి పాతదే. బ్రిటన్‌లో బ్రిస్టల్ సిడ్లీ కంపెనీ 1962లోనే వైపర్ విమాన ఇంజన్లకు ఎగిరిన గంటకింత అని తీసుకుంది. దాన్ని కలుపుకున్న రోల్స్ రాయిస్ ఆ పద్ధతిని పెంచింది. ఇంజను మొరాయిస్తే నష్టం దాన్ని తయారుచేసినవాడికే. కాబట్టి అది చెడకుండా చూసుకోవడంలోనే వాడి లాభం.

ఇది మనకు కొత్తా? మా ఊళ్లో వడ్రంగి తాత ఏడాది పొడవునా నాగలి, గొర్రు, బండిచక్రం చూసుకునేవాడు. మరమ్మతుకింత అని అడిగేవాడు కాదు. నూర్పిళ్లయ్యాక కళ్లంలో ఆయన వాటా గింజలు, అంటే మేర, కొలిచేవారు. కాగితం లేదు, సంతకం లేదు. మాట మీద నిలిచిన సంబంధమే గట్టిదని ఈ శీర్షికలో ఎన్నోసార్లు రాశాను. ఈ వారమూ అదే రాద్దామని కూర్చున్నాను.

ఒక కరువేడు గుర్తొచ్చి కలం ఆగింది. ఆ ఏడు మా తాతయ్య సగం మేరే కొలిచాడు. నాగళ్లకు ఆ ఏడూ అంతే పని చేసిన వడ్రంగి తాత, పరిచిన తువ్వాలు ముడివేసుకుని "మీ దయ బాబూ" అని వెళ్లిపోయాడు. అలిగి పోవడానికి ఆయనకు ఇంకో ఊరు లేదు. మేం నమ్మకమనుకున్నది ఆయన నిస్సహాయత.

ఇప్పుడు పాత్రలు తారుమారు కావచ్చు. డిపో మెకానిక్కు బస్సు విప్పే పని మరిచిపోతే, బ్యాటరీ వివరాలన్నీ కంపెనీ కంప్యూటర్లోనే ఉంటే, రేపు తువ్వాలు పరిచేది ఆర్టీసీయే. అందుకే కాగితం కావాలి, మంచిగా ఉన్నప్పుడే కావాలి. సమాచారం ఇద్దరికీ అందాలి. డిపో వాళ్ల చేతికి పని తెలిసుండాలి. కొండచరియలు పడి బస్సు తిరగని రోజు ఎవరెంత భరించాలో, విడిపోతే బండ్లు ఎవరికో రాసుకోవాలి.

కొండ మీద దిగాక చూశాను. డ్రైవరు, కండక్టరు ఒకే టీ రెండు గ్లాసుల్లో పోసుకుని తాగుతున్నారు. ఆ స్నేహం నిలవాలంటే, వాళ్ల పైనున్న ఇద్దరి మధ్య కొలత ముందే తేలాలి.