కాఫీ గింజల కాపుదల

ఊరగాయ జాడీకి వాసెన గట్టి, తడిచేయి సోకనీయక, పొడి గరిటెతో మాత్రమే తీయవలెనని పిల్లలకు సైతము శాసనము చేయు మన గృహస్థులే, కాఫీ గింజల పొట్లమును పొయ్యి ప్రక్కన, ఇంగువ డబ్బాకు తోడుగా నిలిపి, కొన్నాళ్లకు డికాక్షను చప్పబడినదని దుకాణదారుని నిందించుట నాకెన్నడును న్యాయముగా దోచదు. తూర్పు కనుమలలో 900 మీటర్లకు పైబడిన యెత్తున, సిల్వర్ ఓక్ నీడను, మిరియపు తీగల పొరుగున గిరిజన రైతులు పండించి, 2019లో భౌగోళిక గుర్తింపును బడసిన అరకు అరబికా కొండ దిగి వచ్చి, విశాఖలోని వంటింట వాసన గోల్పోవుట విచారకరము గాదా!

వేయించిన గింజలో బొగ్గుపులుసు వాయువు నిండియుండును. అది మొదటి దినములలో వడిగను, పిమ్మట మెల్లగను వెలువడుచుండగా, ప్రాణవాయువు ప్రవేశించి, పరిమళమునకు ఆధారములైన నూనెలను చెఱచును. వేడిమి, వెలుతురు, తేమ యీ పనికి తోడ్పడును. లోని వాయువును వెలికి బంపుచు బయటిగాలిని రానీయని చిన్న కవాటమును మంచి సంచులకు అమర్చుట యిందులకే. (ఆ కవాటము కడ ముక్కు నుంచి, సంచిని పదేపదే నొక్కి యానందించు మిత్రులు నాకు గలరు, త్రాగవలసినదానిని వారు ముందుగనే ఆఘ్రాణించి ముగించుచున్నారు.) నల్లగ వేయించి నూనె పైకుబికిన గింజ మఱింత త్వరగా చెడును. ఇక పొడి మాట చెప్పనేల? గింజ నెలపాటు నిలుపుకొనగల సువాసనలో అధికభాగము, మరాడించిన కొలది దినములలోనే పోవును. మా పెద్దలు ఇనుప మూకుడులో గింజలు వేయించి, బల్లకు బిగించిన చేతిమరలో ఏ పూటకా పూట విసరుకొనుట వట్టి చాదస్తము గాదు.

పచ్చి గింజల ధర్మము వేరు. తేమ నూటికి పండ్రెండు పాళ్లు మించకుండ ఆరినవి గోనెసంచులలో నెలల తరబడి నిలుచును. మలబారు తీరమున నైతే వానిని గిడ్డంగులలో పఱచి, నైరుతి ఋతుపవనముల తడిగాలికి ఉబ్బి పాలిపోవునట్లు బుద్ధిపూర్వకముగా జేసి, ‘మాన్‌సూన్డ్ మలబార్’ అను పేర విదేశములకు బంపుదురు. వేయింపకమునుపు వన్నె దెచ్చు ఆ తడిగాలియే, వేయించిన పిమ్మట గింజకు శత్రువు.

కావుననే ఫ్రిజ్ నందు గింజలు దాచుట నేనంగీకరింపను. చల్లని డబ్బాను ఉక్కపోత వంటింట దెఱచినంతనే గాలిలోని తేమ గింజలపై జెమ్మగా దిగును; నిన్నటి వంకాయకూర వాసనయు అబ్బును. తప్పనిసరియైనచో, కొలది దినముల వాడుకకు సరిపడు పొట్లములుగా గట్టి, గాలి చొరకుండ మూసి, గడ్డకట్టు అఱయందుంచి, వెలికి దీసిన పొట్లమును చల్లదనము పూర్తిగా పోయిన పిదపనే విప్పవలెను. మరల లోనికి బెట్టరాదు.

నిత్యోపయోగమునకు మూత బిగువుగల చిన్న స్టీలు డబ్బా చాలును. గింజ తఱిగినకొలది డబ్బాలో గాలి పెరుగును గనుక, పెద్దదానికంటె చిన్నవి రెండు మేలు. తేమను పీల్చు చికోరీని వేఱుగ నుంచి, పొడి వేయునపుడే కలుపుకొనుడు. ఎట్లు దాచినను గింజ పాతబడుట ఆలస్యమగునే కాని ఆగదు. పావుకిలోకు మించి ఒక్కమాఱు తేకుడు, వేయించిన తేదీ అచ్చువేయని పొట్లమును ఎంతటి పేరుగల దుకాణము వారిచ్చినను కొనకుడు.