భయానకరసము - పొరుగింటి భయము

బాల్యమున మనలను భయపెట్టిన గ్రంథమును నడివయస్సున మరల తెరచుట యొక పరీక్ష. ఆ పరీక్ష గ్రంథమునకో, చదువరికో ముందుగా తెలియదు. గడచిన వేసవి సెలవులలో సుల్తానాబాదునందలి మా యింట పాత పెట్టెను సర్దుచుండగా, శ్రీ యండమూరి వీరేంద్రనాథ్ గారి "తులసిదళం" అట్టలేని ప్రతి యొకటి దొరకినది. 1980వ దశకపు తొలినాళ్ళలో ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికముగా వెలువడి యింటింట చదువబడిన నవల యిది. దానిని మేము పండ్రెండవ యేట, దీపమార్పుటకు జంకుచు చదివితిమి. ఇప్పుడు నలువది దాటి, బిడ్డలు గలవారమై, రెండు రాత్రులలో మరల ముగించితిమి.

ముందు గుణమునే చెప్పవలెను. చిన్ననాడు మేము కాష్మోరాకు జడిసితిమి. ఈసారి మమ్ము కదలించినది కాష్మోరా కాదు, తులసి తల్లిదండ్రుల నిస్సహాయత. బిడ్డ మూలుగుచుండగా చదువుకొన్నవాని బుద్ధి వానికెంతవరకు తోడు నిలుచునను ప్రశ్నను ఇంత సూటిగా నడిగిన జనరంజక నవలలు తెలుగున కొలదిగనే యున్నవి. రచయిత నేర్పును కాదనుట న్యాయము కాదు.

అయినను ఆ నేర్పే మమ్ము ఆలోచింపజేసినది. బిడ్డను రక్షింప నొకప్రక్క వైద్యులును మనస్తత్వజ్ఞులును, మరియొకప్రక్క మంత్రతంత్రములను నమ్మువారును పెనగులాడుదురు. తుదకు శాస్త్రమును క్షుద్రవిద్యయు త్రాసున సరితూగినట్లు తోచును. నిజముగా సరితూగినవా? వైద్యుని పక్షము ఉపన్యాసముగా వచ్చును. మంత్రగాని పక్షము దృశ్యముగా వచ్చును. ఉపన్యాసమును మరచిపోవుదుము, దృశ్యము కలలోనికి వచ్చును. పండ్రెండేండ్ల మాకు వైద్యుల మాట యొక్కటియు గుర్తు నిలువలేదు. శ్రీమతి రంగనాయకమ్మగారు ఈ నవలపై "తులసిదళం కాదు గంజాయి దమ్ము" అని యొక విమర్శగ్రంథమునే వ్రాసిరి. ఆ పేరులోని కాఠిన్యము నాడు మాకు రుచింపలేదు. నేడు దాని వెనుకనున్న ఆందోళన కొంత బోధపడుచున్నది.

మన ఆలంకారికులు భయానకమును నవరసములలో చేర్చిరి. అభినవగుప్తుడు దానిని వివరించుచు, శాకుంతలము మొదటి యంకమున రాజు బాణమునకు వెఱచి పరుగెత్తు లేడిని ఉదాహరించెను. ఆ భయము ఏ దేశమునకును, ఏ కాలమునకును, ఏ వ్యక్తికిని కట్టువడనిది; కనుకనే అది దుఃఖము కాక ఆస్వాద్యమగుచున్నది. పుస్తకము మూసినంతనే విడిచిపోవు భయము రసము. మూసిన పిదపను వెంటవచ్చి, యొక పొరుగువారి ముఖమునకు అంటుకొను భయము రసము కాదు. అది వట్టి భయమే.

మా వీధి చివర ఒంటరిగా నుండు ముసలవ్వ మంత్రములు చేయునని వాడుక. నవల చదివిన నాటినుండి మేము ఆ దారిన బడికి పోవుట మాని, చెరువుకట్ట చుట్టి పోయితిమి. అంతకుముందు ఆమె మాకు సీతాఫలములు పెట్టెడిది. మేమెందుకు రాకుంటిమో ఆమె యెన్నడును అడుగలేదు; తెలిసియే యుండును.

ఇది పిల్లల పిరికితనమని నవ్వి త్రోసివేయ వీలులేదు. 2022 జనవరిలో, మాకు దూరము కాని జగిత్యాలలో, మంత్రములు చేయుచున్నారను అనుమానముతో నొక తండ్రిని, అతని యిద్దరు కుమారులను చంపిరి. మహారాష్ట్రము 2013లోనే ఇట్టి దురాచారములపై ప్రత్యేక శాసనము చేసికొన్నది. నవలలో మంత్రగాడు నిజముగా నేరస్థుడు. పాఠకుడు వాని చావు కోరినను తప్పనిపించదు. మన పల్లెలలోనో, అనుమానితుడు చేయని నేరమునకు ప్రాణమిచ్చుచున్నాడు. కథకును బ్రతుకునకును గల యీ భేదమును పాఠకునికి గుర్తుచేయు పుట యొక్కటియైన నుండిన, నవల భయము తగ్గెడిదా? తగ్గదు, ఇంకను లోతయ్యెడిది.

కనుక ఈ గ్రంథమును ఇండ్లనుండి వెడలగొట్టవలెనని మేము చెప్పము. దాచిన పుస్తకమును పిల్లలు దొంగచాటుగా చదువుదురు. మేమును అట్లే చదివితిమి. తల్లిదండ్రులు ప్రక్కన గూర్చుండి తామును చదివి, "ఇందు వైద్యుడేమి చెప్పెను? మన వీధిలో ఎవరినైన జనులు ఇట్లే అనుమానించుచున్నారా?" అని యడిగిన చాలును. మమ్ము నాడట్లు అడిగినవారు లేరు. అడిగియున్నచో ఆ అవ్వ గుమ్మము ముందునుండియే బడికి పోయియుందుము.