విమానానికి చాలింది, గట్టుకు చాలదు

జంషెడ్‌పూర్‌లో సోనారి ఎయిర్‌పోర్టు ఇళ్ల మధ్యే ఉంది. ఈమధ్య మా ఇంటికొచ్చిన బావమరిది, దిగుతున్న చిన్న విమానాన్ని మేడ మీంచి చూస్తూ అడిగాడు: "అంత విమానాన్ని దారి తప్పకుండా దింపే జీపీఎస్, మన గట్టు కాడికొచ్చేసరికి ఏటైపోతాది బావా?"

వాళ్లది పలాస వైపు. భూముల రీసర్వేలో గట్టు తగాదా తేలలేదని గుర్రు.

విమానం అడిగేది వేరు. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్‌ను 2015లో ప్రారంభించింది అప్పటి విమానయాన మంత్రి, మన విజయనగరం అశోక్ గజపతిరాజే. కోల్‌కతా, గయ, భువనేశ్వర్‌తో కలిపి 15 చోట్ల స్టేషన్లు జీపీఎస్ సంకేతాలను గమనిస్తాయి. తప్పెంతో లెక్కగట్టి, ఆ దిద్దుబాటును జీశాట్ ఉపగ్రహాల ద్వారా విమానానికి అందిస్తారు. దిగేటప్పటి ఏపీవీ-1 ప్రమాణం కోరేది నూటికి 95 సార్లు అడ్డంగా 16 మీటర్లు, ఎత్తులో 20 మీటర్ల లోపు తేడా. ఇది వింటే సెంటీమీటర్లలో కొలిచే ఏ సర్వేయరైనా నవ్వుతాడు. అసలు పట్టింపు వేరేచోట ఉంది. తప్పు అడ్డంగా 40 మీటర్లో, ఎత్తులో 50 మీటర్లో దాటితే పది సెకన్లలో పైలట్‌కు తెలియాలి. తెలియకుండా పోయే అవకాశం కోటిసార్లు దిగితే రెండుసార్లకు మించకూడదు. నన్నడిగితే సెంటీమీటర్ల కంటే ఇదే కష్టమైన పని.

సర్వేయర్‌కు ఆ తొందర లేదు. అతని రోవర్, అంటే కర్రకు బిగించిన జీపీఎస్ రిసీవర్, ఉపగ్రహ తరంగాలనే కొలబద్దగా వాడుతుంది. ఒక్కో తరంగం పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. ఉపగ్రహానికీ రోవర్‌కూ నడుమ ఎన్ని నిండు తరంగాలున్నాయో తేలేదాకా తెరమీద 'ఫ్లోట్', తేలాక 'ఫిక్స్'. పోయినసారి బావమరిది వాళ్ల జీడితోట అంచున చూశాను. కర్ర పట్టుకున్న కుర్రాడు "ఫ్లోటే చూపిస్తోందండీ, ఆగండి" అంటూ కొమ్మల కిందే నిలబడ్డాడు. ఎంతకీ తేలక బయటికొచ్చి, ఆకాశం బాగా కనబడేచోట రెండు పాయింట్లు ఫిక్స్ చేసుకుని, అక్కణ్ణుంచి హద్దు రాయి దాకా టేపు లాగాడు. దిగుతున్న పైలట్‌కు అలా ఆగి చూసుకునే వీలేదీ?

అంతా అయ్యాక పక్క కమతం పెద్దాయన, "ఆ రాయి జరిగిపోనాది బాబూ" అన్నాడు. రాయి ఎక్కడుందో రోవర్ సెంటీమీటర్లలో చెప్పింది. అక్కడ ఉండాలో వద్దో తేల్చడానికి పాత ఎఫ్ఎంబీ, అంటే సర్వే కొలతల పుస్తకం, తెరవాల్సి వచ్చింది. అందులో కొలతలన్నీ గొలుసు లింకుల్లో. బావమరిది, పెద్దాయన ఇప్పటికీ ఆ లింకుల దగ్గరే ఉన్నారు.